న్యూజెర్సీలో షాప్‌లిఫ్టింగ్ కేసు: ఎక్స్‌పంజ్‌మెంట్ చేయిస్తే వీసాకి ఇబ్బంది పోతుందా?

తెనాలి_వాసు

అందరికీ నమస్కారం. మా మేనల్లుడు న్యూజెర్సీలో ఎమ్మెస్ చదువుతున్నాడు, ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద. సెల్ఫ్ చెకవుట్‌లో కొన్ని సామాన్లు స్కాన్ చెయ్యకుండా బయటికి వచ్చాడని కేసు పెట్టారు. సామాను విలువ 140 డాలర్లు. పోలీసులు స్టేషన్‌కి తీసుకెళ్ళి వేలిముద్రలు తీసుకుని, సమన్స్ చేతికిచ్చి పంపేశారు. వచ్చే నెల మునిసిపల్ కోర్టు.

మాట్లాడిన లాయరు చెప్పింది ఇదీ: "ఏడాది ప్రోగ్రామ్‌లో పెడతాం, అయ్యాక కేసు డిస్మిస్ అవుతుంది, ఆ తర్వాత ఆర్నెల్లకి రికార్డు ఎక్స్‌పంజ్ (ఎవరికీ కనపడకుండా సీల్) చేయిస్తాం, ఇక జన్మలో ఎవరికీ చెప్పనక్కర్లేదు." ఫీజు కూడా అందుబాటులోనే ఉంది. ఒప్పేసుకోమంటారా? ముందు ముందు హెచ్-1బీ, గ్రీన్‌కార్డ్ ఆలోచన ఉంది.

శారద_మిడిల్‌సెక్స్

వాసు గారూ, తొందరపడి ఒప్పుకోకండి. ముందు ఆ "ఏడాది ప్రోగ్రామ్" పేరేమిటో లాయర్ని ఈమెయిల్‌లో అడగండి.

200 డాలర్ల లోపు షాప్‌లిఫ్టింగ్ న్యూజెర్సీలో డిజార్డర్లీ పర్సన్స్ నేరం, అంటే చిన్న నేరాల తరగతి. గరిష్ఠ శిక్ష ఆరు నెలల జైలు, వెయ్యి డాలర్ల దాకా జరిమానా. దోషిగా తేలితే మొదటిసారికే కనీసం పది రోజుల కమ్యూనిటీ సర్వీసు వెయ్యాలని చట్టంలో ఉంది. ఈ స్థాయి కేసుకి మునిసిపల్ కోర్టులో దొరికే ప్రోగ్రామ్ కండిషనల్ డిస్మిసల్. 2014 జనవరి నుంచి అమల్లో ఉంది, దరఖాస్తు రుసుము 75 డాలర్లు. అందులో చేరాలంటే మొదట నేరం ఒప్పుకోవాలి, లేదా విచారణలో దోషి అని తేలాలి. ఆ తర్వాతే ఏడాది పర్యవేక్షణ మొదలవుతుంది. ఏడాది సాఫీగా గడిస్తే కేసు కొట్టేస్తారు. న్యూజెర్సీ రాష్ట్రం లెక్కలో అది కన్విక్షన్ (దోష నిర్ధారణ) కాదు. మీ లాయరు చెప్పినదాంట్లో అంతవరకూ తప్పేమీ లేదు. అమెరికా పౌరుడైతే నిశ్చింతగా చేరిపోవచ్చు.

ఎఫ్-1 కుర్రాడికి మాత్రం ఆ "ఒప్పుకోవడం" దగ్గరే చిక్కు. 200 దాటి 500 లోపు ఉంటే అదే దొంగతనం నాలుగో డిగ్రీ నేరమై కౌంటీలోని సుపీరియర్ కోర్టుకి వెళ్తుంది. అక్కడ ప్రీట్రయల్ ఇంటర్వెన్షన్ అనే ప్రోగ్రామ్ ఉంది, అందరూ పీటీఐ అంటారు. మామూలు దొంగతనం కేసులో దానికి నేరం ఒప్పుకోనక్కర్లేదు. అంటే పెద్ద కేసుకి దొరికే రక్షణ చిన్న కేసుకి దొరకదు. ఈ తేడా తెలియక, "చిన్న కేసే కదా" అని సంతకం పెట్టేసే పిల్లలు ఎక్కువ. ఇమిగ్రేషన్ సంగతి పాలమూరు గారు చెబితే బాగుంటుంది.

పాలమూరు

శారద గారు చెప్పిందే అసలు సంగతి. 1996లో చేసిన మార్పుతో ఇమిగ్రేషన్ చట్టానికి కన్విక్షన్ అనే మాటకి సొంత నిర్వచనం వచ్చింది. రెండు చూస్తారు. ఒకటి, నేరం ఒప్పుకున్నాడా, లేదా దోషి అని తేలాడా. రెండు, జడ్జి ఏదో ఒక శిక్షగానీ, ఆంక్షగానీ వేశాడా. ఏడాది పర్యవేక్షణ కూడా ఆంక్షే. రెండూ ఉంటే అయిపోయినట్టే. తర్వాత డిస్మిస్ చేసినా, సీల్ చేసినా, ఎక్స్‌పంజ్ చేసినా ఆ లెక్క మారదు. ఇమిగ్రేషన్ అప్పీళ్ళ బోర్డు 1999లో రోల్డాన్ కేసులో ఈ మాట తేల్చేసింది. డిజార్డర్లీ పర్సన్స్ నేరాన్ని న్యూజెర్సీ తన చట్టంలో "క్రైమ్" అనదు కాబట్టి ఇది లెక్కలోకి రాదని కొందరు వాదించేవాళ్ళు. 2022లో వాంగ్ కేసులో బోర్డు ఆ వాదన కూడా ఒప్పుకోలేదు.

అట్లని భయపడి నిద్ర మానుకోవాల్సిన పని లేదు. దొంగతనం నైతిక పతనం కింద లెక్కేసే నేరం. అయితే గరిష్ఠ శిక్ష ఏడాది మించని నేరమై, పడిన శిక్ష ఆరు నెలలు దాటకుండా, జీవితంలో అదొక్కటే అయితే, చిన్న నేరాల మినహాయింపు వర్తిస్తుంది. 200 లోపు కేసు అందులో పడుతుంది. దేశం నుంచి పంపెయ్యడానికి వాడే సెక్షన్ కూడా, అమెరికాలో అడుగుపెట్టిన ఐదేళ్ళలోపు చేసిన నేరానికి ఏడాది, ఆపైన శిక్ష పడే వీలుంటేనే వర్తిస్తుంది. ఆరు నెలల కేసు దాని కిందికి రాదు. కానీ రెండోసారి ఇట్లాంటిదే జరిగితే రెండు రక్షణలూ పోతయి. విడివిడి సంఘటనల్లో రెండు నైతిక పతనం నేరాలుంటే ఎన్నేళ్ళ తర్వాతైనా పంపెయ్యొచ్చు. మొదటి కేసులో నేరం ఒప్పుకోకుండా బయటపడటం ఎందుకు ముఖ్యమో దీన్నిబట్టి అర్థం చేసుకోండి. ఒక్కసారికే ఉన్న మినహాయింపును 140 డాలర్ల సామానుకి ఖర్చు పెట్టుకోవద్దు.

తెనాలి_వాసు

ఇద్దరికీ ధన్యవాదాలు. మరి లాయర్ని ఏం అడగాలి? కండిషనల్ డిస్మిసల్ వద్దంటే నేరుగా విచారణకి వెళ్ళడమేనా?

శారద_మిడిల్‌సెక్స్

విచారణ చివరి మెట్టు. ముందు డిస్కవరీ తెప్పించాలి. అంటే స్టోర్ వీడియో, దొంగతనాలు కనిపెట్టే లాస్ ప్రివెన్షన్ ఉద్యోగి రాసిన రిపోర్టు, సామాన్ల ధరల పట్టీ, పోలీసు రిపోర్టు, బాడీ కెమెరా. సెల్ఫ్ చెకవుట్ కేసుల్లో వీడియోకి బలం ఎక్కువ. కొన్ని స్కాన్ చేసి డబ్బు కట్టి, కొన్ని వదిలేస్తే అది పొరపాటా, ఉద్దేశమా అన్న ప్రశ్న వస్తుంది. ఉద్దేశం రుజువు చెయ్యాల్సింది ప్రాసిక్యూటరు. స్టోర్ సాక్షి తేదీ తర్వాత తేదీకి రాకపోతే కేసు కొట్టేయించుకునే అవకాశం కూడా ఉంటుంది.

రెండో దారి, షాప్‌లిఫ్టింగ్ ఆరోపణను మునిసిపల్ ఆర్డినెన్స్ (ఆ ఊరి సొంత నియమం) ఉల్లంఘనగా తగ్గించమని ప్రాసిక్యూటరుతో మాట్లాడటం. శాంతికి భంగం కలిగించడం లాంటిదన్నమాట. దానికి జరిమానా కట్టి బయటపడొచ్చు. ఇందులో చూసుకోవాల్సింది ఆ ఊరి ఆర్డినెన్స్ మాటల్లో దొంగతనం, మోసం అనే ఊసు ఉందా లేదా అని. ఆర్డినెన్స్ పూర్తి పాఠాన్ని ఇమిగ్రేషన్ లాయరు చదివాకే ఒప్పుకోవాలి. జడ్జి "ఏం జరిగింది?" అని అడిగినప్పుడు కుర్రాడు చెప్పే జవాబు రికార్డవుతుంది. ఆర్డినెన్స్‌కి సరిపడా రెండు వాక్యాలు చెప్పి ఆపాలి. పశ్చాత్తాపంతో "అవును, దొంగిలించాను" అనేస్తే తగ్గించుకున్న ఫలితం సగం పోతుంది.

ఇంకో సంగతి. స్టోర్ తరఫు లా ఫర్మ్ నుంచి డబ్బు కట్టమని ఉత్తరం వస్తుంది. అది సివిల్ వ్యవహారం. అది కడితే క్రిమినల్ కేసు పోతుందనుకోవద్దు. లాయరుకి చూపించకుండా దానికి జవాబు రాయొద్దు, డబ్బు పంపొద్దు.

పాలమూరు

2010లో సుప్రీంకోర్టు పడీలా తీర్పులో, నేరం ఒప్పుకోమని సలహా ఇచ్చే ముందు ఇమిగ్రేషన్ పరిణామాలు చెప్పడం డిఫెన్స్ లాయరు బాధ్యతేనని తేల్చింది. కాబట్టి మొహమాటపడకండి. "ఈ ఒప్పందం ఇమిగ్రేషన్ చట్టం ప్రకారం కన్విక్షన్ అవుతుందా? రాతలో చెప్పండి" అని అడగండి. రాయడానికి వెనకాడితే ఇంకొకరిని చూసుకోండి. క్రిమినల్ లాయరు, ఇమిగ్రేషన్ లాయరు ఇద్దరూ ఒకసారి ఫోన్‌లో కలిసి మాట్లాడుకోవాలి. ఆ గంట ఫీజు దగ్గర చెయ్యి వెనక్కి తీసుకోవద్దు.

యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసులో డీఎస్ఓలు (విదేశీ విద్యార్థుల స్టేటస్ చూసే అధికారులు) మంచివాళ్ళే గానీ వాళ్ళు మీ లాయర్లు కారు, వాళ్ళతో అన్న మాటకి గోప్యత రక్షణ లేదు. కేసు వివరాలు అక్కడ పరవొద్దు.

కోనసీమ

నాదొక ప్రశ్న. ఇమిగ్రేషన్‌కి పనికిరాకపోతే మరి ఎక్స్‌పంజ్‌మెంట్ దేనికండీ? అంత ఖర్చు పెట్టి?

శారద_మిడిల్‌సెక్స్

ఉద్యోగానికండీ, అద్దె ఇంటికి, లైసెన్సులకి. ప్రైవేటు కంపెనీ బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లో "షాప్‌లిఫ్టింగ్, డిస్మిస్డ్" అని కనపడినా ఆఫర్లు ఆగిపోతాయి. ఎక్స్‌పంజ్ అయ్యాక న్యూజెర్సీ చట్టం ఆ అరెస్టు జరగనట్టే లెక్కిస్తుంది. ప్రైవేటు ఉద్యోగ దరఖాస్తులో "లేదు" అని రాసే హక్కు ఉంటుంది. పోలీసు, కోర్టు ఉద్యోగాలకి మాత్రం చెప్పి తీరాలి.

చాలామంది ఎక్స్‌పంజ్ అంటే కాగితాలు చింపేస్తారనుకుంటారు. న్యూజెర్సీ చట్టంలోనే దాని నిర్వచనం రికార్డుల్ని వేరుచేసి, సీల్ చేసి, విడిగా పెట్టడం అని ఉంది. ఫైలు ఉంటుంది, అడిగినవాళ్ళకల్లా చూపించరు. పక్క రాష్ట్రాల్లో సీలింగ్ అనేది, ఇక్కడ ఎక్స్‌పంజ్‌మెంట్ అనేది దాదాపు ఒకటే పని.

గడువులు ఇలా ఉంటాయి. కేసు నేరుగా డిస్మిస్ అయితే ఆగే పనే లేదు. మునిసిపల్ కోర్టు నుంచి అవసరమైన కాగితాలు తీసుకుని సుపీరియర్ కోర్టుకి పంపితే హియరింగ్ లేకుండానే ఆర్డరు వస్తుంది. ఇంకో ఆరోపణ ఒప్పుకున్నందుకు బదులుగా దీన్ని డిస్మిస్ చేసి ఉంటే ఈ తొందరి దారి వర్తించదు. పీటీఐ, కండిషనల్ డిస్మిసల్ అయితే డిస్మిస్ అయిన రోజు నుంచి ఆరు నెలలు. ఆర్డినెన్స్ ఉల్లంఘనకి రెండేళ్ళు. డిజార్డర్లీ పర్సన్స్ కన్విక్షన్‌కి ఐదేళ్ళు. బలమైన కారణం చూపిస్తే మూడేళ్ళకి కూడా అడగొచ్చు. కోర్టులో దాఖలు చెయ్యడానికి ఇప్పుడు రుసుము లేదు. ఖర్చంతా లాయరు ఫీజు, వేలిముద్రలదే.

తెనాలి_వాసు

లాయరు చేసే పని కచ్చితంగా ఏమిటో చెప్పగలరా? దేనికి డబ్బు ఇస్తున్నామో తెలిస్తే బాగుంటుంది.

శారద_మిడిల్‌సెక్స్

చెబుతాను. కొంచెం పొడుగవుతుంది.

మొదట పూర్తి రికార్డు తెప్పించాలి. న్యూజెర్సీ స్టేట్ పోలీసుల దగ్గర వేలిముద్రలతో తన రికార్డు తానే అడగొచ్చు. వేలిముద్రలు ఐడెంటోగో అనే ప్రైవేటు కంపెనీ సెంటర్‌లో తీస్తారు. దాంట్లో ఎస్‌బీఐ నంబరు (రాష్ట్ర పోలీసులు ఇచ్చే గుర్తింపు నంబరు), ప్రతి అరెస్టు తేదీ, సెక్షన్ ఉంటాయి. కేసు ఎలా ముగిసిందో మాత్రం చాలాసార్లు ఖాళీగా ఉంటుంది, అందుకని కోర్టు కాగితంతో పోల్చి చూడాలి.

తర్వాత పిటిషను. పుట్టిన తేదీ, అరెస్టు తేదీ, సెక్షన్ నంబరు, నేరం పేరు, కంప్లయింట్ నంబరు, కేసు ముగిసిన తేదీ, ఎలా ముగిసింది, శిక్ష ఏదైనా ఉంటే అది: ఇవన్నీ ఉండాలి. కంప్లయింట్ నంబరులో ఎస్ అంటే సమన్స్, డబ్ల్యూ అంటే వారంట్. నాలుగంకెల కోడ్ ఊరిది. ఒక్క అంకె తప్పు పడితే ఆర్డరు వచ్చాక కూడా ఆ ఎంట్రీ అలాగే ఉండిపోతుంది. రాష్ట్రంలో ఉన్న అన్ని అరెస్టులూ రాయాలి, ఒకటి వదిలితే ప్రాసిక్యూటరు అభ్యంతరం పెడతాడు.

మామూలు పిటిషను అయితే అరెస్టు జరిగిన కౌంటీ సుపీరియర్ కోర్టులో వేస్తారు. కోర్టు 35 నుంచి 60 రోజుల్లోపు హియరింగ్ తేదీ ఇస్తుంది. కాపీలు అటార్నీ జనరల్, స్టేట్ పోలీసు సూపరింటెండెంట్, కౌంటీ ప్రాసిక్యూటరు, ఆ ఊరి పోలీస్ చీఫ్, మునిసిపల్ కోర్టు, ఇలా సంబంధం ఉన్న ప్రతి ఆఫీసుకీ అందాలి. జైల్లో ఉంచి ఉంటే ఆ జైలుకీ, ప్రొబేషన్ ఉంటే ప్రొబేషన్ విభాగానికీ అందాలి. ఒక ఆఫీసు జాబితాలోంచి జారిపోతే ఆ ఆఫీసు కంప్యూటర్లో రికార్డు బతికే ఉంటుంది. లాయరు విలువ తెలిసేది ఈ జాబితా దగ్గరే.

మన పేర్లతో వచ్చే చిక్కు కూడా చెప్పాలి. ఇంటిపేరు, సొంత పేరు తారుమారు కావడం, పాస్‌పోర్టులో ఒకే పేరుంటే అమెరికా రికార్డుల్లో ఎఫ్ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్) అని ముందు తగిలించడం, రెండు ముక్కల పేరులో ఒకటి ఎగిరిపోవడం, పుట్టిన తేదీలో నెలా రోజూ అటూ ఇటూ కావడం. పోలీసు రిపోర్టులో ఒక స్పెల్లింగు, కోర్టులో ఇంకొకటి ఉంటే రెండూ పిటిషనులో మారుపేర్ల కింద రాయించండి. పాస్‌పోర్టు, యూనివర్సిటీ ఇచ్చిన ఐ-20, డ్రైవింగ్ లైసెన్సు, సమన్స్ నాలుగూ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చూడండి.

ఆర్డరు వచ్చిందని అక్కడితో ఆగొద్దు. స్టేట్ పోలీసుల దగ్గర ఆర్డర్లు నెలల తరబడి పేరుకుపోయి, 2023లో రాష్ట్ర పబ్లిక్ డిఫెండర్ ఆఫీసు ఏకంగా కోర్టుకెక్కింది. కొన్ని నెలలాగి మళ్ళీ వేలిముద్రలతో రికార్డు తెప్పించి ఖాళీగా వచ్చిందో లేదో చూసుకోండి. ఎఫ్‌బీఐ దగ్గర కూడా సొంత రికార్డు 18 డాలర్లకి దొరుకుతుంది. ఎఫ్‌బీఐ తనంతట తాను రాష్ట్రం ఎంట్రీ తియ్యదు, స్టేట్ పోలీసులు చెబితేనే తీస్తుంది.

పాలమూరు

ఒక్కటి పెద్దక్షరాల్లో రాసుకోండి. ఎక్స్‌పంజ్‌మెంట్ పిటిషను వెయ్యకముందే మునిసిపల్ కోర్టు నుంచి సర్టిఫైడ్ డిస్పొజిషన్, అంటే కేసు ఎట్లా ముగిసిందో చెప్పే ధ్రువీకరించిన కాగితం, తీసుకోవాలి. మామూలు ప్రింటవుట్ చాలదు. క్లర్కు సంతకం, చేత్తో తడిమితే తెలిసే ఉబ్బెత్తు సీలు ఉన్న కాపీలు కనీసం నాలుగు. కంప్లయింట్ కాపీ, పోలీసు రిపోర్టు కూడా పెట్టుకోండి.

ఎందుకంటే ఎక్స్‌పంజ్ అయ్యాక అదే కోర్టుకి వెళ్తే "అట్లాంటి రికార్డు లేదు" అంటారు, చట్ట ప్రకారం వాళ్ళు అనాల్సింది అదే. అటు ఇమిగ్రేషన్ దరఖాస్తులు చూసే యూఎస్‌సీఐఎస్ "సీల్ అయినా సరే, కాగితం తేవాల్సిన బాధ్యత నీదే" అంటది. ఐ-485 (గ్రీన్‌కార్డ్), ఎన్-400 (పౌరసత్వం) ఫారాల్లో ప్రశ్నలోనే ఉంటది, సీల్ చేసినా, ఎక్స్‌పంజ్ చేసినా చెప్పాలని. అప్పుడు సీలైన ఫైలు చూపించమని మళ్ళీ సుపీరియర్ కోర్టుకి దరఖాస్తు పెట్టుకోవాలి. నెలలు పడుతుంది, లాయరు ఫీజు ఇంకోసారి.

డిస్మిస్ అయిన రోజే ఎక్స్‌పంజ్ చేయించే తొందరి దారిలో ఈ పొరపాటు ఎక్కువ జరుగుతుంది. కోర్టు హాల్లోంచి బయటికి వస్తూ ముందు క్లర్కు కిటికీ దగ్గర ఆగండి.

వరంగల్_స్వప్న

వీసా స్టాంపింగ్ సంగతేందండి? హైదరాబాద్ కాన్సులేట్‌ల వీసా దరఖాస్తు ఫారం డీఎస్-160 నింపేటప్పుడు ఎక్స్‌పంజ్ అయిన కేసుకి "నో" పెట్టొచ్చా? ఒక వాట్సాప్ గ్రూపుల పెట్టొచ్చని చెప్తున్నరు.

పాలమూరు

పెట్టొద్దు స్వప్న గారూ. డీఎస్-160లో ప్రశ్న "ఎప్పుడైనా అరెస్టయ్యారా, లేదా దోషిగా తేలారా" అని ఉంటది, క్షమాభిక్ష వంటివి దొరికినా సరే అని కూడా ఉంటది. వేలిముద్రలు ఒకసారి ఎఫ్‌బీఐకి చేరినాక కాన్సులేట్‌కి ఆ మ్యాచ్ కనబడుతుంది. కొట్టేసిన 140 డాలర్ల కేసుతో వీసా రావొచ్చు. "నో" అని అబద్ధం రాస్తే తప్పుడు సమాచారమనే సెక్షన్ కింద జీవితకాల నిషేధం పడొచ్చు, దానికి వేవర్ (మినహాయింపు) దొరకడం చాలా కష్టం.

"యెస్" పెట్టి, వివరణ గడిలో రెండు మూడు లైన్లు రాయాలి: తేదీ, ఊరు, ఆరోపణ, ఎట్లా ముగిసింది, కోర్టు కాగితాలు వెంట తెస్తున్నాను అని. కథ రాయొద్దు. ఇంటర్వ్యూకి సర్టిఫైడ్ కాపీ, ఇమిగ్రేషన్ లాయరు రాసిన ఒకటి రెండు పేజీల లీగల్ ఒపీనియన్ తీసుకపోండి. అడ్మినిస్ట్రేటివ్ ప్రాసెసింగ్‌లో పెడితే వారాలు, నెలలు పట్టొచ్చు. కాబట్టి సెమిస్టర్ మొదలయ్యే వారం ముందు టికెట్ పెట్టుకోవద్దు.

"సమన్సే ఇచ్చారు, అరెస్టు కాదు కదా" అనేది ఇంకో వాదన. స్టేషన్‌కి తీసుకెళ్ళి వేలిముద్రలు తీసినాక అరెస్టు కిందే రాసి వివరణ ఇవ్వడం క్షేమం.

కోనసీమ

2025 ఏప్రిల్‌లో వేలమంది విద్యార్థుల సెవిస్ రికార్డులు (విదేశీ విద్యార్థుల ప్రభుత్వ డేటాబేస్‌లోవి) రద్దు చేశారు కదా, అందులో డిస్మిస్ అయిన కేసులవాళ్ళు కూడా ఉన్నారని విన్నాం. సీల్ చేసుంటే తప్పించుకునేవాళ్ళా?

పాలమూరు

ఆ పని ఎఫ్‌బీఐ వాళ్ళ నేర రికార్డుల డేటాబేస్ ఎన్‌సీఐసీలో విద్యార్థుల పేర్లు వేసి చూసి, మ్యాచ్ వచ్చినవాళ్ళ మీద చేశారు. కన్విక్షన్ లేనివాళ్ళు, కేసు ఎప్పుడో కొట్టేసినవాళ్ళు కూడా అందులో పడ్డారు. దేశమంతా దావాలు పడి, నెలాఖరుకి రికార్డులు తిరిగి పెట్టారు. సీల్ చేసినంత మాత్రాన ఫెడరల్ డేటాబేస్‌లో ఎంట్రీ వెంటనే పోతుందన్న హామీ లేదు, అందుకే శారద గారు చెప్పిన ఎఫ్‌బీఐ చెక్ చెయ్యాలి. ఆ సమయంలో చేతిలో సర్టిఫైడ్ డిస్పొజిషన్ ఉన్నవాళ్ళు ఆ రోజే లాయరుకి పంపగలిగే స్థితిలో ఉంటారు. వీసా స్టాంపు వేరు, స్టేటస్ వేరు అన్నది కూడా గుర్తుంచుకోండి. వీసా రివోక్ (రద్దు) అయిందని ఈమెయిల్ వస్తే చదువు ఆపి విమానం ఎక్కాల్సిన పని లేదు, ముందు లాయరుతో మాట్లాడాలి.

డల్లాస్_మూర్తి

టెక్సస్ వాళ్ళ కోసం. ఇక్కడ రెండు వేరు వేరు పనులున్నాయి. ఎక్స్‌పంక్షన్ అంటే రికార్డు పూర్తిగా తీసెయ్యడం. నాన్‌డిస్‌క్లోజర్ అంటే జనానికి కనపడకుండా సీల్ చెయ్యడం, పోలీసులకీ, కొన్ని లైసెన్సింగ్ బోర్డులకీ కనపడుతుంది. ఎక్స్‌పంక్షన్ సెక్షన్లు 2025 జనవరి 1 నుంచి కొత్త నంబర్లలోకి, 55ఏ అధ్యాయంలోకి మారాయి. పాత ఫారాలు ఇంటర్నెట్‌లోంచి దింపుకుని వాడొద్దు.

దొంగతనం 100 డాలర్ల లోపు క్లాస్ సీ (అన్నిటికన్నా చిన్న తరగతి), 100 నుంచి 750 లోపు క్లాస్ బీ, 750 నుంచి 2,500 లోపు క్లాస్ ఏ. ఇక్కడ ఊరించే మాట డిఫర్డ్ అడ్జుడికేషన్. కోర్టులో "గిల్టీ" లేదా "నో కాంటెస్ట్" అని చెప్పి ప్రొబేషన్‌లో ఉంటారు. రాష్ట్రం కన్విక్షన్ అనదు, ఇమిగ్రేషన్ అంటుంది. పైగా క్లాస్ సీకి తప్ప మిగతావాటికి డిఫర్డ్ తర్వాత ఎక్స్‌పంక్షన్ రాదు, నాన్‌డిస్‌క్లోజర్ మాత్రమే. ఇంట్లో హింస కేసు అని జడ్జి రాస్తే అదీ రాదు. కాబట్టి ఇక్కడ అడగాల్సింది ప్రీట్రయల్ డైవర్షన్, అదీ నేరం ఒప్పుకుంటూ సంతకం పెట్టనవసరం లేని రకం. కౌంటీ కౌంటీకి నియమాలు వేరు. కొన్ని చోట్ల దరఖాస్తులోనే ఒప్పుకోలు వాంగ్మూలం రాయిస్తారు, ఆ పేజీని ఇమిగ్రేషన్ లాయరుకి చూపించకుండా సంతకం పెట్టొద్దు.

క్వీన్స్_రాము

న్యూయార్క్‌లో ఈ మాత్రం కేసుకి సాధారణంగా ఏసీడీ (డిస్మిస్ చేసే ఆలోచనతో కేసు వాయిదా వెయ్యడం) అడుగుతారు. నేరం ఒప్పుకోవడం ఉండదు, ఆరు నెలలు కేసు పక్కన పెట్టి తర్వాత డిస్మిస్ చేస్తారు, రికార్డు దానంతటదే సీల్ అవుతుంది. ఆ ఆరు నెలలూ కేసు ఇంకా పెండింగే. ఆ మధ్యలో స్టాంపింగ్‌కి వెళ్ళకుండా ఉంటే మేలు. క్లీన్ స్లేట్ చట్టం 2024 నవంబర్ 16 నుంచి అమల్లోకి వచ్చింది గానీ అది కన్విక్షన్ల కోసం. అర్హమైన మిస్‌డిమీనర్‌కి (చిన్న నేరానికి) మూడేళ్ళు, ఫెలనీకి (పెద్ద నేరానికి) ఎనిమిదేళ్ళు దాటాలి, పాతవన్నీ సీల్ చెయ్యడానికి కోర్టులకి మూడేళ్ళ గడువుంది.

వరంగల్_స్వప్న

డీయూఐ (తాగి బండి నడిపిన కేసు) కూడ ఇట్లనే ఎక్స్‌పంజ్ అయితదా?

శారద_మిడిల్‌సెక్స్

న్యూజెర్సీలో కాదు. ఇక్కడ డీయూఐ ట్రాఫిక్ నేరం. ట్రాఫిక్ నేరాలకి ఎక్స్‌పంజ్‌మెంట్ చట్టం వర్తించదు, ఎన్నేళ్ళయినా డ్రైవింగ్ రికార్డులో ఉంటుంది. చేయిస్తామని డబ్బు అడిగేవాళ్ళని నమ్మొద్దు.

పాలమూరు

డీయూఐకి ఇంకో సంగతి. గత ఐదేళ్ళలో అరెస్టయితే చాలు, కన్విక్షన్ లేకున్నా కాన్సులేట్ వీసా రివోక్ చెయ్యొచ్చు, 2015 నుంచి ఈ పద్ధతి ఉంది. మళ్ళీ స్టాంపింగ్‌కి వెళ్తే ప్యానెల్ డాక్టరు దగ్గర మెడికల్ పరీక్షకి పంపుతారు. ఆ రిపోర్టుకి సమయం కలుపుకుని ప్రయాణం పెట్టుకోండి.

కోనసీమ

శారద గారు ఆర్డరు దాకా చెప్పారు, నేను ఆర్డరు తర్వాత ప్రైవేటు కంపెనీల సంగతి చెబుతాను. బ్యాక్‌గ్రౌండ్ చెక్ కంపెనీలు కోర్టు డేటాని ముందే కొని దాచుకుంటాయి. ఎక్స్‌పంజ్‌మెంట్ ఆర్డరు వాళ్ళకి దానంతటదే చేరదు. ఉద్యోగం దగ్గర పాత ఎంట్రీ బయటపడితే, ఆఫర్ తీసేసే ముందు రిపోర్టు కాపీ ఇచ్చి తీరాలని ఫెడరల్ చట్టం చెబుతోంది. ఆ కాపీ పట్టుకుని, ఆర్డరు జతచేసి, ఆ బ్యాక్‌గ్రౌండ్ చెక్ కంపెనీకి రాతపూర్వకంగా డిస్ప్యూట్ పెట్టండి. మామూలుగా 30 రోజుల్లో తేల్చాలి. అదే రోజు హెచ్ఆర్‌కి "డిస్ప్యూట్ పెట్టాను, నిర్ణయం ఆపండి" అని ఒక మెయిల్ పెట్టండి. హెచ్ఆర్‌కి అంతకు మించి వివరాలు రాయక్కర్లేదు.

కన్విక్షన్ కాని అరెస్టుని ఏడేళ్ళు దాటాక రిపోర్టు చెయ్యకూడదన్న నియమం ఉంది, కానీ ఏడాదికి 75,000 డాలర్లు, ఆపైన జీతం వచ్చే ఉద్యోగాలకి ఆ నియమం వర్తించదు. మన ఐటీ ఉద్యోగాలు చాలావరకు ఆ గీత దాటేవే. అందుకని ఏడేళ్ళు ఆగితే పోతుందిలే అనుకోవద్దు. వార్తా సైట్లు, అరెస్టు ఫోటోలు పెట్టే సైట్లకి కూడా ఈ ఆర్డరు వర్తించదు. వాటికి విడిగా ఉత్తరం రాసి అడగాలి, కొందరు తీస్తారు, కొందరు తియ్యరు.

తెనాలి_వాసు

చాలా స్పష్టంగా చెప్పారందరూ. ఒక్క ప్రశ్న మిగిలింది. ఇప్పటికే కండిషనల్ డిస్మిసల్‌లో చేరిపోయిన వాళ్ళు, మా వాడి స్నేహితుల్లోనే ఒకరున్నారు, వాళ్ళకి దారే లేదా?

పాలమూరు

ఉంది, కొంచెం కష్టమైంది. ఒప్పుకున్నప్పుడు ఇమిగ్రేషన్ పరిణామాలు లాయరు చెప్పలేదనో, అర్థమయ్యే భాషలో కోర్టు వివరించలేదనో చూపించి, ఆ ఒప్పుకోలునే రద్దు చేయించాలి. దాన్ని పోస్ట్ కన్విక్షన్ రిలీఫ్ అంటారు. 2003లో పికరింగ్ కేసులో బోర్డు చెప్పిన గీటురాయి ఇదే: చట్టపరమైన లోపం వల్ల రద్దయితే ఇమిగ్రేషన్‌కి కూడా కన్విక్షన్ పోయినట్టే, కేవలం వీసా ఇబ్బంది పోగొట్టడానికో, సత్ప్రవర్తనకో రద్దు చేస్తే పోనట్టే. కాబట్టి జడ్జి ఆర్డరులో కారణం స్పష్టంగా రాయించాలి.

ఆ పిటిషను ఎక్స్‌పంజ్‌మెంట్ కంటే ముందు వెయ్యాలి, ఫైలు ఒకసారి సీలైతే రికార్డింగు తెప్పించుకోవడం కష్టమైతది. మునిసిపల్ కోర్టు కేసుల్లో మామూలుగా ఐదేళ్ళ గడువు ఉంటుంది. ఆ స్నేహితుడిని ముందుగా ఆ రోజు కోర్టు ఆడియో రికార్డింగు అడగమనండి.

శారద_మిడిల్‌సెక్స్

వాసు గారూ, ఇంకొకటి. కోర్టులో తెలుగు ఇంటర్‌ప్రెటర్ ఉచితం, ముందే కోర్టు ఆఫీసుకి చెప్పాలి. మీ మేనల్లుడికి ఇంగ్లీషు వచ్చినా, ఈ పేజీ చదివే వాళ్ళలో విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నల కేసులు కూడా ఉంటాయి. వాళ్ళ తరఫున పిల్లలు అనువాదం చెప్పే ఏర్పాటు పెట్టుకోవద్దు.

తెనాలి_వాసు

అలాగేనండి. లాయరుకి మెయిల్ పెట్టాను: ప్రోగ్రామ్ పేరేమిటి, నేరం ఒప్పుకోవాలా, ఇమిగ్రేషన్ లెక్కలో కన్విక్షన్ అవుతుందా, డిస్కవరీ అడిగారా, ఆర్డినెన్స్‌కి తగ్గించే వీలుందా అని. జవాబు రాగానే ఇక్కడ పెడతాను. ఇమిగ్రేషన్ లాయరుతో సోమవారం అపాయింట్‌మెంట్ తీసుకున్నాం.

శారద_మిడిల్‌సెక్స్

సోమవారం వెళ్ళేటప్పుడు సమన్స్ రెండు వైపులా స్కాన్ చేసి పంపండి. వెనక వైపు ఖాళీ అనుకుని చాలామంది వదిలేస్తారు. పాత ఐ-94 (అమెరికాలో ప్రవేశించిన రికార్డు) ప్రింటు కూడా పెట్టండి, అమెరికాలో అడుగుపెట్టిన తేదీ దాన్నుంచే లెక్కేస్తారు.